అవిశ్వాసి అన్న నోటికి ప్రాయశ్చిత్తం ఏమిటి?

హైదరాబాదు బస్తీల్లోనూ తెలంగాణా పల్లెల్లోనూ ‘తోబా’ అన్న మాట వినని వారుండరు. అనరాని మాట అన్నప్పుడో, వినరాని మాట విన్నప్పుడో రెండు చెంపలూ తట్టుకుంటూ ‘తోబా తోబా’ అంటారు. వినాయకుడి ముందు లెంపలు వేసుకునే తెలుగువాడికి ఈ అభినయం కొత్తగా తోచదు. అయితే ఆ మాటకు మూలమైన ‘తౌబా’ అన్న అరబ్బీ పదానికి అర్థం లెంపలు వేసుకోవడం కాదు, మరలి రావడం. మన పశ్చాత్తాపంలో ఉన్నది తాపం, అంటే పని జరిగిపోయిన తరువాత మనసులో రగిలే మంట. తౌబాలో ఉన్నది నడక. తప్పుదారిన పోయినవాడు వెనుకకు తిరిగి నడిచి రావాలి. మంటను మనిషి ఒంటరిగా అనుభవించవచ్చు. కాని నడక అనగానే ఎక్కడికి, ఎవరి దగ్గరికి అన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది.

ఈ ప్రశ్న మిక్కిలి చిక్కుపడే సందర్భం ఒకటున్నది. సాటి ముసల్మానును పట్టుకొని ‘నీవు ముసల్మానువు కావు, కాఫిరువు’ అని ముద్ర వేసినవాడు, ఆ ముద్ర తప్పని గ్రహిస్తే ఏమి చేయాలి? ఇలా ముద్ర వేయడాన్ని తక్ఫీర్ అంటారు. దొంగిలించినవాడు సొమ్ము తిరిగి ఇవ్వగలడు. ముద్ర వేసినవాడు తిరిగి ఇవ్వవలసింది ఒక మనిషికి తన సమాజంలో ఉన్న స్థానం. దానిని తీసివేయడానికి ఒక్క నోరు చాలు. తిరిగి ఇవ్వడం ఒక్కడి చేతిలో లేదు.

దేవుణ్ణి నమ్మని నావంటివాడికీ, ఈ పత్రిక పాఠకులకూ ఈ చర్చతో ఏమి పని అని కొందరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఈ ఒక్క మాట వల్ల మన కాలంలో కూడా మనుషుల ప్రాణాలు పోతున్నాయి. ఇది మొదటి కారణం. ముద్రలు వేయడం మతస్థుల గుత్తసొత్తు కాదన్నది రెండవది. ఆ రెండవ దానిని చివర ప్రస్తావిస్తాను.

ఇస్లాం చరిత్రలో ఈ సమస్య తొలి తరంలోనే తలెత్తింది. 656లో మూడవ ఖలీఫా ఉస్మాన్ హత్యకు గురైన తరువాత, నాలుగవ ఖలీఫా అలీకీ, సిరియా పాలకుడు ముఆవియాకూ మధ్య 657లో సిఫ్ఫీన్ వద్ద యుద్ధం జరిగింది. వివాదాన్ని మధ్యవర్తులకు అప్పగించడానికి అలీ అంగీకరించాడు. ఆయన పక్షంలోని వారే కొందరు, తీర్పు దేవుడిది కాని మనుషులది కాదని నినాదం చేసి విడిపోయారు. వీరే ఖారిజీలు, అంటే బయటికి వెళ్ళిపోయినవారు. మధ్యవర్తిత్వానికి ఒప్పుకొని అలీ అవిశ్వాసి అయినాడనీ, ఆ సంగతి ఒప్పుకొని తౌబా చేస్తే తిరిగి వస్తామనీ వారు షరతు పెట్టారు. మీరు పలికే మాట నిజమే, దాని వెనుక ఉన్న ఉద్దేశం అబద్ధం అని అలీ జవాబిచ్చినట్టు చరిత్ర చెబుతున్నది. 658లో నహ్రవాన్ వద్ద ఆయన వారిని ఓడించాడు. 661లో కూఫాలో వారిలో ఒకడైన ఇబ్న్ ముల్జమ్ ఆయనను చంపాడు.

ఈ ఖారిజీలు నీతి లేని దుండగులు కారు. అసలు చిక్కు అక్కడే ఉన్నది. తబరీ తన చరిత్రలో చెప్పిన ఒక ఉదంతం చూడండి. వారు అబ్దుల్లా ఇబ్న్ ఖబ్బాబ్ అనే ముసల్మానును దారిలో పట్టుకున్నారు. చెట్టు నుండి రాలిన ఖర్జూరపు పండును వారిలో ఒకడు నోట వేసుకుంటే, ధర చెల్లించకుండా తింటావా అని ఇంకొకడు మందలించాడు; అతడు దానిని ఉమ్మివేశాడు. ముస్లిమేతరుడి పందిని ఒకడు చంపితే, యజమానికి నష్టం ఇచ్చి ఒప్పించారు. ఆ తరువాత అబ్దుల్లానూ, గర్భవతి అయిన అతని భార్యనూ చంపివేశారు. పండు విషయంలో, పంది విషయంలో అంత సూక్ష్మంగా పనిచేసిన నీతిజ్ఞానం ఆ దంపతుల విషయంలో ఎందుకు పనిచేయలేదు? వారిని ముందుగా మాటతో సమాజం నుండి వెళ్ళగొట్టారు కనుక. పండుకు యజమాని ఉన్నాడు, పందికీ యజమాని ఉన్నాడు. కాఫిరు అని ముద్రపడిన మనిషికి మాత్రం ఏ హక్కూ మిగలలేదు. తక్ఫీర్ ఒక అభిప్రాయమనుకుంటే పొరపాటు. అది నీతి నియమాలు వర్తించని ఒక చోటును సృష్టించి, ఎదుటి మనిషిని అందులోకి నెట్టివేసే క్రియ.

ఇక్కడ పాఠకులు గమనించవలసింది ఇంకొకటి ఉన్నది. తౌబా చేయమని ఎవరు ఎవరిని అడిగారు? ముద్ర వేసినవారు, ముద్రపడిన అలీని అడిగారు. పశ్చాత్తాపం ఆరోపణ చేసినవాడి విధి కావలసింది పోయి, ఆరోపణకు గురైనవాడి మీద ఎత్తిన ఆయుధమైంది. ఆ తరువాతి పదమూడు శతాబ్దాల్లో ఈ తలకిందుల వ్యవహారం ఎన్నిసార్లు జరిగిందో లెక్క లేదు.

ఇస్లాం మూలగ్రంథాలు మాత్రం బరువును ఆరోపించినవాడి మీదనే పెట్టాయి. సోదరుణ్ణి కాఫిరు అని పిలిస్తే ఆ మాట ఇద్దరిలో ఒకరి మీద వాలక తప్పదని బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉన్న హదీసు చెబుతుంది. ఉసామా బిన్ జైద్ ఉదంతం ఇంకా తీవ్రమైనది. యుద్ధంలో ఓడిపోతున్న శత్రువు ఒకడు, కత్తి మీదికి రాగానే విశ్వాసవాక్యం పలికాడు. ఉసామా అయినా చంపాడు. ప్రాణభయంతో అన్నాడని తరువాత సమాధానం చెప్పుకున్నాడు. ప్రవక్త ఆ సమాధానాన్ని అంగీకరించలేదు. నీవు వాడి గుండె చీల్చి చూశావా అన్న అర్థం వచ్చేటట్టు అడిగాడు, పదే పదే మందలించాడు. తాను ఆనాటి వరకు ముసల్మాను కాకుండా ఉండి, ఆ రోజే మతంలో చేరి ఉంటే బాగుండునని ఉసామాకు తోచిందట. అంటే ఆ పాపం తన పాత జీవితంతోపాటు చెరిగిపోయి ఉండేదని అతని కోరిక.

ఖురానులో నాలుగవ అధ్యాయం 94వ వచనం ఇదే విషయాన్ని ఇంకొక వైపు నుండి చెబుతుంది. శాంతివచనం పలికి ఎదురైనవాణ్ణి, ఈ లోకపు సొమ్ముకు ఆశపడి, నీవు విశ్వాసివి కావు అనవద్దని దాని సారాంశం. ఒకప్పుడు మీరూ అటువంటివారేనని కూడా అది గుర్తుచేస్తుంది. సొమ్ముకు ఆశపడి అన్న అంశం మీద మనం కాసేపు నిలవాలి. ఎదుటివాడు విశ్వాసి కాకపోతే అతని మందా, అతని వస్తువులూ దోపుడుసొమ్ము అవుతాయి. సిద్ధాంతపు తీర్పు వెనుక ఆస్తి సంబంధం ఉండవచ్చునని చెప్పడానికి 19వ శతాబ్దపు జర్మనీ దాకా ఆగనక్కరలేకపోయింది.

మరి తప్పు తెలుసుకున్నవాడు ఏమి చేయాలి? 13వ శతాబ్దపు పండితుడు నవవీ తౌబాకు నియమాలను క్రోడీకరించాడు. పాపం మానాలి, చేసినందుకు చింతించాలి, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవాలి. ఈ మూడూ దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న పాపానికి సరిపోతాయి. సాటిమనిషి హక్కుకు భంగం కలిగి ఉంటే నాలుగవది కావాలి: ఆ హక్కును తిరిగి ఇవ్వాలి, లేదా అతని క్షమాపణ పొందాలి. దేవుడి హక్కులు, దాసుల హక్కులు అన్న ఈ విభజన ఇస్లాం ధర్మశాస్త్రానికి ఆయువుపట్టు. ముస్లిం సంకలనంలోని ఒక హదీసు అసలైన దివాలాకోరు ఎవరో నిర్వచిస్తుంది. ప్రార్థనలు, ఉపవాసాలు మూటకట్టుకొని తీర్పునాటికి వచ్చినవాడు, ఒకణ్ణి తిట్టినందుకూ, ఒకడిపై నింద వేసినందుకూ, ఒకడి సొమ్ము తిన్నందుకూ ఆ పుణ్యమంతా వారికి పంచిపెట్టవలసివస్తుంది. పుణ్యం అయిపోయాక వారి పాపాలను తాను నెత్తిన వేసుకోవాలి. దేవుడు కూడా అప్పులవాడి తరఫున బాకీ మాఫీ చేయడన్నమాట.

అపనింద గురించి శాస్త్రం ఇంకా కచ్చితంగా ఉన్నది. శీలవతి మీద వ్యభిచార నింద వేసి నలుగురు సాక్షులను తేలేనివాడికి ఖురాను 80 కొరడా దెబ్బలు విధించింది. అతని సాక్ష్యం చెల్లదన్నది. తౌబా చేసి తన్ను సరిదిద్దుకున్నవారిని మినహాయించింది. ఈ మినహాయింపు దేనికి వర్తిస్తుందన్న దగ్గర ధర్మశాస్త్రజ్ఞులు చీలిపోయారు. తౌబా చేసినా సాక్ష్యార్హత తిరిగి రాదని అబూ హనీఫా మార్గం. వస్తుందని షాఫియీ మార్గం. అయితే ఆ తౌబా మనసులో జరిగితే చాలదు, తన మాట అబద్ధమని నోటితో ప్రకటించాలి. అవిశ్వాసి అన్న నిందకు ఇలా నిర్ణీతశిక్ష లేదు. న్యాయాధికారి తన విచక్షణ ప్రకారం శిక్షించవచ్చునన్నారు. కాని ప్రాయశ్చిత్తపు తర్కం రెంటికీ ఒకటే. రెండవ అధ్యాయం 160వ వచనం, సత్యాన్ని దాచినవారి గురించి చెబుతూ, తౌబా చేయడం, సరిదిద్దడం, స్పష్టంగా వెల్లడించడం అని మూడు క్రియలను వరుసగా పేర్కొన్నది. బజారులో పదిమంది ఎదుట అన్న మాటను పడకగదిలో వెనుకకు తీసుకుంటే చెల్లదు. ఏ మెట్టు మీద నిలబడి అన్నాడో అదే మెట్టు మీద నిలబడి ఆ మాట తప్పని చెప్పాలి.

మెచ్చుకోదగిన వివేకం ఇంకొకటి ఉన్నది. కాఫిరు అన్న మాట తిరిగి అన్నవాడి మీదికే వస్తుందంటే, అన్నవాడే కాఫిరు అవుతాడని అర్థం చెప్పవచ్చును గదా. కాని ఎక్కువమంది పండితులు అలా చెప్పలేదు. తిరిగి వచ్చేది పాపభారమే గాని అవిశ్వాసం కాదన్నారు. ఖారిజీలు కాఫిరులా అని అడిగితే, వారు మనమీద తిరగబడిన సోదరులని అలీ అన్నట్టు ఒక ఉల్లేఖనం ఉన్నది. ముద్రకు బదులు ముద్ర వేస్తే గొలుసు తెగదని వారు గ్రహించారు.

ఇంత చక్కని శాస్త్రం ఉండి జరిగిందేమిటి? గజాలీ (మరణం 1111) ఒక గ్రంథంలో తక్ఫీర్ విషయంలో నోరు అదుపులో పెట్టుకోమని హెచ్చరించాడు. ఇంకొక గ్రంథంలో మూడు సిద్ధాంతాల కారణంగా తత్త్వవేత్తలను అవిశ్వాసులని తీర్పు చెప్పాడు. ఆయన గ్రంథాన్నే స్పెయిన్‌లోని కార్డోవాలో పండితులు తగలబెట్టించారు. ఆయనకు జవాబు రాసిన ఇబ్న్ రుష్ద్‌ను 1195లో వెలివేసి ఆయన పుస్తకాలనూ తగలబెట్టారు. మన దేశంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మీద ఫత్వాలు వచ్చాయి. 1953 పంజాబు అల్లర్లపై 1954లో వెలువడిన మునీర్ నివేదిక, ముసల్మాను అంటే ఎవరో నిర్వచించమని ఉలేమాలను అడిగితే ఏ ఇద్దరి నిర్వచనమూ కలవలేదని నమోదు చేసింది. అయినా 1974లో పాకిస్తాన్ పార్లమెంటు రాజ్యాంగ సవరణ చేసి అహ్మదీయులను ముసల్మానులు కారని శాసించింది. వ్యక్తి నోటిమాటగా మొదలైన తక్ఫీర్ రాజ్యాంగంలోకి ఎక్కింది. వ్యక్తి తౌబా చేయగలడు. రాజ్యం లెంపలు వేసుకోదు. చట్టం విషయంలో తౌబా అంటే చట్టాన్ని రద్దు చేయడమే.

నావంటి సాహిత్యాధ్యాపకులకు గుచ్చుకునే ఉదాహరణ ఈజిప్టుది. కైరో విశ్వవిద్యాలయంలో అరబ్బీ బోధించిన నస్ర్ హామిద్ అబూ జైద్, ఖురానును చారిత్రక సందర్భంలో భాషాగ్రంథంగా చదవాలన్నాడు. ఇస్లాం పేరుతో నడిచే పెట్టుబడి కంపెనీలను విమర్శించాడు. పదోన్నతి కోసం ఆయన సమర్పించిన రచనలను పరిశీలించిన సంఘంలో అబ్దుస్సబూర్ షాహీన్ అనే ఆచార్యుడు వ్యతిరేక నివేదిక ఇచ్చాడు. వివాదం మసీదుకూ, అక్కడి నుండి న్యాయస్థానానికీ ఎక్కింది. 1995లో కైరో అప్పీలు కోర్టు ఆయనను మతభ్రష్టుడిగా నిర్ణయించి, ముస్లిం స్త్రీకి అతడు భర్తగా ఉండరాదని వివాహాన్ని రద్దు చేసింది. భార్యాభర్తలు దేశం విడిచి హాలెండులోని లైడెన్ చేరారు. తాను ముసల్మాననే ఆయన కడదాకా చెబుతూ వచ్చాడు. 2010లో కైరోలో మరణించాడు. కొసమెరుపేమిటంటే, కొన్నాళ్ళకు షాహీన్ ఆదాము పుట్టుకపై ఒక పుస్తకం రాసి, తానే అటువంటి ఆరోపణకు గురైనాడు. మాట తిరిగి వచ్చి వాలుతుందన్న హదీసును ఇంత అక్షరాలా నిరూపించిన ఉదాహరణ అరుదు.

ముద్ర వేసినవాడికి తిరిగి వెళ్ళే దారి కూడా మూసుకుపోయే సందర్భాలున్నాయి. 2017 ఏప్రిల్ 13న పాకిస్తాన్‌లోని మర్దాన్‌లో మషాల్ ఖాన్ అనే జర్నలిజం విద్యార్థిని, దైవదూషణ చేశాడన్న పుకారు మీద తోటి విద్యార్థుల గుంపు విశ్వవిద్యాలయంలోనే కొట్టి చంపింది. అతని హాస్టలు గది గోడల మీద మార్క్స్, చే గువేరా బొమ్మలుండేవి. విశ్వవిద్యాలయంలోని అక్రమాలను అతడు ప్రశ్నించేవాడు. దూషణకు ఆధారం ఏదీ లేదని దర్యాప్తులో తేలింది. ఆ గుంపులో ఎవడో ఒకడు ఈనాడు నిజంగా కుమిలిపోతున్నాడనుకుందాం. నవవీ చెప్పిన నాలుగవ నియమాన్ని అతడు ఎలా నెరవేర్చాలి? క్షమించవలసినవాడు లేడు. అతనికి మిగిలిన దారి ఒక్కటే: మా నింద అబద్ధమని, అన్న చోటనే నిలబడి, ఆ కుర్రవాడి తల్లిదండ్రులు వినేటట్టు చెప్పడం. దానితో బాకీ తీరదు. బాకీ ఉన్నదని ఒప్పుకోవడం మాత్రం జరుగుతుంది.

సామూహికంగా వెనుకకు మరలిన ఉదాహరణ లేకపోలేదు. ఈజిప్టులో సాయుధపోరాటం నడిపిన అల్ జమాఅ అల్ ఇస్లామియ్యా నాయకులు 1997 జులైలో జైలు నుండి హింసను విరమిస్తున్నామని ప్రకటించారు. ఆ నవంబరులోనే ఆ సంస్థకు చెందిన ముఠా లక్సర్‌లో 62 మందిని చంపింది. అయినా నాయకులు వెనుకకు తగ్గలేదు. 2002లో తమ భావనలను దిద్దుకుంటూ వరుసగా పుస్తకాలు వెలువరించారు. ముసల్మానులను కాఫిరులనడం తప్పని వాదించినది వాటిలో ఒకటి. 1981లో జరిగిన సాదాత్ హత్యకు సంబంధించి శిక్షపడిన కరమ్ జుహ్దీ, 2003లో సాదాత్ అమరుడని బహిరంగంగా అన్నాడు.

జైలులో చేసిన తౌబా తౌబా అవుతుందా అని మా విద్యార్థులు అడుగుతారు. విడుదల కోసం ఆడిన నాటకం కాదని ఎలా నమ్మడం? ముబారక్ ప్రభుత్వానికి ఆ పుస్తకాలు ఎంత అక్కరకు వచ్చాయో తెలియనిది కాదు. ప్రశ్న న్యాయమైనదే. కాని దాని రూపం చూడండి. కత్తికి భయపడి విశ్వాసవాక్యం పలికాడని ఉసామా చెప్పుకున్న సమాధానమూ ఇదే. గుండె చీల్చి చూడరాదన్న సూత్రం విశ్వాసికి రక్షణ అయితే, పశ్చాత్తప్తుడికీ రక్షణ కావాలి. అంతరంగపు నిజాయితీని కొలిచే త్రాసు మన దగ్గర లేదు. మనం అడగదగినవి బయటి పనులు: తప్పును పేరుపెట్టి చెప్పాడా? అన్న చోటనే చెప్పాడా? నష్టపోయినవారి వైపు తిరిగాడా? మొదటి రెంటిలో ఆ నాయకులకు మంచి మార్కులే వేస్తాను. మూడవదానిలో వెయ్యలేను. ఆ పుస్తకాల వాదమంతా ప్రధానంగా శాస్త్రంతో, పూర్వపండితులతో నడిచింది. చనిపోయినవారి కుటుంబాలతో కాదు.

ఇక మన సంగతి. 1932 డిసెంబరులో లక్నోలో ‘అంగారే’ అన్న కథాసంపుటి వెలువడితే మతపెద్దలు ఫత్వాలిచ్చారు; 1933 మార్చిలో ప్రభుత్వం దానిని నిషేధించింది. దాని రచయితల్లో ఒకరైన సజ్జాద్ జహీర్ ప్రభృతులే 1936లో అభ్యుదయ రచయితల సంఘానికి పునాది వేశారు. అంటే మన సంఘం తక్ఫీర్ దెబ్బతిన్నవారి నుండి పుట్టింది. 1949లో లాహోరులో సమావేశమైన పాకిస్తాన్ అభ్యుదయ రచయితల సంఘం, మంటోతో సహా కొందరు రచయితలను ప్రగతినిరోధకులని ముద్రవేసి, తమ పత్రికల్లో వారి రచనలకు చోటు లేదన్నది. అశ్లీలమని అతణ్ణి కోర్టుకీడ్చింది ప్రభుత్వం, వెలివేసింది మిత్రులు. 1955లో 42 ఏళ్ళకే మంటో చనిపోయాడు. ఇంకా పెద్ద రంగస్థలం మీద, 1938లో ద్రోహి అని కాల్చివేసిన బుఖారిన్‌కు 1988లో నిర్దోషిత్వం ప్రకటించారు. మధ్య యాభై ఏళ్ళు. 1964లో మన దేశపు కమ్యూనిస్టు పార్టీ చీలిన తరువాత రెండు పక్షాలూ ఒకదాని మీద ఒకటి విసురుకున్న ముద్రలను పాత పత్రికలు తిరగవేసేవారికి నేను వల్లించనక్కరలేదు.

రెండూ ఒకటి కావని మిత్రులు అభ్యంతరం చెబుతారు. శాస్త్రీయ విమర్శ వేరు, మతపు నింద వేరు అంటారు. నిజమే. ఒక రచనలో తప్పున్నదనడం విమర్శ. దానికి మనం వెనుదీయరాదు. కాని ఈ మనిషి మనవాడు కాడు, ఇతని మాట ఇక వినరాదు అన్న క్షణంలో విమర్శ ముగుస్తుంది, ఖారిజీ మొదలవుతాడు. మనకు ఆత్మవిమర్శ అనే గొప్ప ఆచారం ఉన్నది. అయితే ఆచరణలో ఆత్మవిమర్శ చేసుకోమని మనం ఎవరిని అడిగాం? ఆరోపణకు గురైనవాణ్ణి. సిఫ్ఫీన్ తరువాత అలీని అడిగినట్టు. ఆరోపణ తప్పని తేలిన నాడు, ఆరోపించినవారు అదే వేదిక ఎక్కి ఆత్మవిమర్శ చేసుకున్న సందర్భాలు ఎన్ని? చరిత్ర దిద్దుకున్నదని ఒక వాక్యం రాసి ఊరుకుంటాం. చరిత్ర ఎవరి మీదా నింద వేయలేదు. పేరూ ఊరూ ఉన్న మనుషులు వేశారు.

ఇస్లాం ధర్మశాస్త్రం నుండి నేను గ్రహించినది దేవుణ్ణి నమ్మనివాడికి కూడా పనికివస్తుంది. ప్రాయశ్చిత్తం ముద్ర వేసినవాడిది. అది వినపడవలసిన దూరం, నింద వినపడినంత దూరం. దానిని స్వీకరించే హక్కు నష్టపోయినవాడిది గాని సంఘానిది కాదు. మన సంఘాల నిబంధనావళుల్లో బహిష్కరణకు నియమాలున్నాయి, అప్పీలుకు నియమాలున్నాయి. తప్పుగా బహిష్కరించామని తేలినప్పుడు, బహిష్కరించినవారు ఎక్కడ నిలబడి ఏమి చెప్పాలో నిర్దేశించే నియమం నేను చూసినవాటిలో లేదు. రాబోయే మహాసభలో ఎవరైనా ఆ ఒక్క నియమాన్ని ప్రతిపాదిస్తే బాగుంటుంది.